కూడలిలో ఎవరి విగ్రహం?

కోనసీమలోని ఒక గ్రామం నుంచి 49 ఏళ్ల పాఠకుడు ఐదు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ఆయనకు కూడలిలో కిరాణా కొట్టు ఉంది. అన్ని వీధులవాళ్లూ అక్కడే సరుకులు కొంటారు, సగం మందికి అరువు పద్దులు ఉన్నాయి. ఆ మధ్య రోడ్డు వెడల్పు చేసినప్పుడు కూడలి మధ్యలో ఒక దిమ్మె కట్టి వదిలేశారు. దాని మీద తమ అభిమాన సినిమా హీరో విగ్రహం పెట్టాలని కుర్రవాళ్లు చందాలు మొదలుపెట్టారు. ఆ సంఘానికి కార్యదర్శి ఈయన కొడుకే. డిగ్రీ పూర్తిచేసి రెండేళ్లయినా ఉద్యోగం దొరకలేదు. ఆ హీరోదీ వీళ్లదీ ఒకే కులం. తండ్రిని అడగకుండానే ఆయన పేరున 50 వేలు చందా రాసేసి, రసీదు తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టాడు.

ఈయన తండ్రికి 78 ఏళ్లు. నీటిపారుదల శాఖలో లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. దేవుడి పటాల వరుసలో చివర, గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర ఫొటో పెట్టుకున్నారు. ఎవరినైనా పెట్టదలిస్తే ఆయన్నే పెట్టమన్నారు. "మనల్ని బానిసలుగా ఏలిన తెల్లవాడికి దండం పెట్టాల్సిన ఖర్మ మాకేమిటి?" అని మనవడు అందరి ముందూ అనేశాడు. ఆ రోజు నుంచి పెద్దాయన భోజనం అరుగు మీదే. మనవడు ఇంట్లో ఉంటే లోపలికి రారు. నర్సింగ్ చదువుతున్న కూతురు, ఆకలితో వచ్చినవాళ్లకు అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు చెప్పింది, ఎవరూ పట్టించుకోలేదు. ఇంతలో దళితుల పేట కుర్రవాళ్లు కొట్టుకు వచ్చి, తాము ఐదేళ్లుగా అంబేడ్కర్ విగ్రహం అడుగుతుంటే కాదన్న చోట సినిమా హీరోను పెడితే ఊరుకోబోమని చెప్పి వెళ్లారు. వచ్చే ఆదివారం పంచాయతీ దగ్గర అందరూ కూర్చోబోతున్నారు. "చందా ఇవ్వాలా, మానాలా? మా నాన్నను మళ్లీ లోపలికి ఎలా తెచ్చుకోవాలి?" అన్నవి ఆయన ప్రశ్నలు.

అయ్యా,

చందా సంగతి ఆదివారం లోపు తేల్చుకోవచ్చు. నాన్నగారు అరుగు మీద తింటున్న అన్నం సంగతి అన్నాళ్లు ఆగకూడదు. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీ ఉత్తరం నాలుగో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది. "1986 వరదల్లో నాన్న మూడు రాత్రులు ఏటిగట్టు మీదే ఉన్నారని అమ్మ చెప్పేది." అది రాసి మీరు మళ్లీ చందా రసీదుల్లోకి వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. ఆ ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గట్లకు గండ్లు పడి లంకలు, ఊళ్లు మునిగాయి. అప్పటికి మీకు పదేళ్లు, నాన్నగారికి నలభై లోపు. లస్కరు ఉద్యోగం ఏమిటో మీకు నేను చెప్పాల్సిన పని లేదు గానీ, మీ అబ్బాయికి ఎవరైనా చెప్పారా? తన హద్దు పొడవునా గట్టు వెంట రోజూ నడవాలి. తూముల తలుపులు వేళకు ఎత్తాలి, దించాలి. గట్టు ఎక్కడ చెమర్చినా, ఎండ్రకాయ బొరియ ఒకటి కనిపించినా పైవాళ్లకు కబురు చేయాలి. వరద రాత్రి అలాంటి బొరియను టార్చిలైటు వెలుగులో కనిపెట్టి ఒక ఇసుక బస్తా వేయగలిగితే ఊరు మిగులుతుంది. ఆ టార్చిలైటును ఆయన ఇప్పటికీ తలదగ్గర పెట్టుకుని పడుకుంటారని మీరే రాశారు.

దేవుడి పటాల పక్కన ఉన్న ఆ ఫొటోలో నాన్నగారు చూసేది ఒక్క కాటన్‌నే కాదని నాకనిపిస్తోంది. తాను ఏళ్ల తరబడి నడిచిన కాలువ, తన జీతం, తన పని, తన పరువు అన్నీ ఆ పటంలో ఉన్నాయి. మనవడు దొరను ఒక మాట అన్నాడు, అది తాత పనికి తగిలింది. అబ్బాయికి ఆ సంగతి తెలియదు. మీరు చెప్పలేదు.

అబ్బాయి మాటలోనూ నిజం ఉంది. కాటన్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరు. 1830ల కరువులు, 1839 ఉప్పెన గోదావరి ప్రాంతాన్ని ఊడ్చిపెట్టాయి. జనం చచ్చిపోయి, వలసపోయి శిస్తు పడిపోయింది. శిస్తు మళ్లీ పెరుగుతుందన్న ఆశ లేకపోతే కంపెనీ ధవళేశ్వరం ఆనకట్టకు పైసా విదిల్చేది కాదు. 1847లో మొదలైన పని 1852కు పూర్తయింది. రాళ్లు మోసిన వేలమంది కూలీలు, వడ్రంగులు, కమ్మరులు ఎవరో ఏ దిమ్మె మీదా రాసి లేదు. కాటన్ వెంట ఉండి పని నడిపించిన వీణం వీరన్న గారి పేరు చెబితే మీ ఊళ్లో ఎంతమంది గుర్తుపడతారు? అయితే అదే కాటన్, రైళ్ల కంటే ముందు కాలువలకు డబ్బు పెట్టండని తన ప్రభుత్వంతోనే ఏళ్ల తరబడి పోట్లాడాడు. డెబ్బై దాటిన వయసులో, 1878లో, బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు తన వాదనకు సంజాయిషీ చెప్పుకున్నాడు. గోదావరిలో రోజూ స్నానం చేసే పుణ్యం ఇచ్చిన భగీరథుడని ఆయన్ని తలుచుకునే సంస్కృత శ్లోకం ఒకటి మీ ప్రాంతంలో పుట్టింది. సముద్రం దాటితేనే మైలపడతామనుకున్న కాలంలో ఒక పరదేశిని స్నానపు శ్లోకంలోకి తెచ్చుకున్నారంటే, అంతకు ముందు వాళ్లు ఎంత ఆకలి చూసి ఉంటారో ఆలోచించండి. ఆ శ్లోకం కాటన్ గురించి చెప్పేదానికంటే, దాన్ని చదివినవాళ్లు పడ్డ కరువు గురించి ఎక్కువ చెబుతుంది.

ఇక పేటవాళ్ల సంగతి. ఉత్తరంలో మీరు వాళ్లను భయంతోనే తలుచుకున్నారు. కాలువ నీళ్లు వచ్చినప్పుడు పొలం ఉన్నవాళ్ల ఇంట్లో కాటన్ ఫొటో వెలిసింది. పొలం లేనివాళ్లు అదే నీటిలో దిగి వంగి నాట్లు వేశారు, స్నానానికి, తాగునీటికి మాత్రం వేరే రేవులో దిగాల్సి వచ్చింది. 1985లో కారంచేడులో ఆరుగురు దళితులను చంపిన దారుణం మంచినీళ్ల చెరువు దగ్గర వచ్చిన తగాదాతోనే మొదలైంది. కాటన్ నీళ్లు తెచ్చాడు. ఆ నీళ్ల మీద అందరికీ ఒకే హక్కు ఉందని రాజ్యాంగంలో రాసినవాడు అంబేడ్కర్. పేట మొదట్లో ఆయన విగ్రహం నిలబడితే, మేమూ ఈ ఊరివాళ్లమే అన్న మాట పైకి అనకుండానే వినిపిస్తుంది. ఐదేళ్లుగా అడుగుతున్నారంటే అది పంతం కాదు, ఓపిక. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మీద ఇళ్లు తగలబడ్డాయి, మీకు ఆ పొగ కనిపించే ఉంటుంది. అంబేడ్కర్ పేరు జిల్లా పేరుకు ముందు చేరితేనే కొందరికి ఎందుకంత కోపం వచ్చిందో ఆలోచిస్తే, మనం ఎవరిని గౌరవిస్తామన్నదే కాదు, ఎవరి గౌరవాన్ని ఓర్చుకోలేమన్నది కూడా తెలుస్తుంది.

ఇప్పుడు మీ అబ్బాయి. ఈ భాగం కొంచెం నిదానంగా చదవండి.

కూడలిలో అతను కట్టించిన ఫ్లెక్సీ గురించి మీరు కోపంగా ఇలా రాశారు. "హీరో బొమ్మ తాడిచెట్టంత, కింద వరుసలో వీళ్ల బొమ్మలు చింతగింజలంత. అందులో మావాడిది ఎడమ నుంచి నాలుగోది." ఎడమ నుంచి నాలుగోదని మీరు లెక్కపెట్టారు. ఆ కింది వరుసే అతనికి కావలసింది. డిగ్రీ పట్టా చేతిలో పెట్టుకుని, రోజూ అదే కూడలిలో, "ఇంకా ఖాళీయేనా?" అనే పలకరింపు వింటున్న కుర్రవాడికి, ఊరి మధ్యలో తన ముఖం కనిపించిన చోటు అదొక్కటే. పొట్లాలు కట్టడానికి తప్ప మరే పనికీ మీరు అతన్ని నమ్మలేదు. సంఘం వాళ్లు లెక్కలు రాయమని పుస్తకం ఇచ్చారు, కార్యదర్శి అన్నారు. తెర మీద ఒక్కడే యాభై మందిని ఎదిరించి, పెద్దవాళ్ల అన్యాయాన్ని మొహం మీద చెప్పి గెలిచే మనిషి అతనికి ఎందుకు నచ్చాడో అర్థం చేసుకోవడానికి సినిమాల గురించి తెలియనక్కర లేదు, ఉద్యోగం రాని రెండేళ్లు ఎలా గడుస్తాయో తెలిస్తే చాలు. హీరో పుట్టినరోజున అతను రక్తం ఇచ్చాడని కూడా మీరే రాశారు. అభిమానులంటే పనీపాటా లేనివాళ్లని తీసిపారేసే పెద్దలంటే నాకు కోపం. పని ఇవ్వనిది ఎవరు? వరద వచ్చినప్పుడు తప్ప ఊరి మంచిచెడ్డల్లో ఆ కుర్రవాళ్లను ఎవరైనా కలుపుకున్నారా?

అయితే ఒక ప్రశ్న అతన్ని మీరు అడగాలి. ఆ హీరో వేరే కులంలో పుట్టి, అవే సినిమాల్లో అలాగే నటించి ఉంటే, కూడలిలో విగ్రహం దాకా వచ్చేవాళ్లా? వెంటనే జవాబు చెప్పనవసరం లేదని కూడా చెప్పండి. ఆ ప్రశ్న అతనితో నాలుగు రోజులు ఉండాలి.

మన నేలకు వీరుల్ని కొలవడం కొత్త కాదు. ఊరి పశువుల మందను కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్నవాడికి వీరగల్లు నిలిపేవారు. ఆ రాయి నిలిపినవాళ్లకు అతను ఎవరో తెలుసు, తమ కోసం ఏం పోగొట్టుకున్నాడో తెలుసు. కారంపూడిలో ఇప్పటికీ ఏటా కార్తీకమాసంలో పల్నాటి వీరుల ఉత్సవం జరుగుతుంది. అక్కడ బ్రహ్మనాయుడిని తలుచుకున్న నోటితోనే మాల కన్నమదాసును తలుచుకుంటారు, చాపకూడు పేరుతో కులం అడగకుండా కలిసి భోంచేస్తారు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి యుద్ధంలో ఎవరు గెలిచారన్నది చాలామందికి గుర్తుండదు. కలిసి తిన్న అన్నం గుర్తుంది.

అన్నం అంటే మీ అమ్మాయి చెప్పిన పేరు గుర్తొచ్చింది. మీరూ దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. డొక్కా సీతమ్మ గారు మీకు పరాయివారు కాదు, లంకల గన్నవరం ఎంత దూరం? 1909లో కన్నుమూసిన ఆ ఇల్లాలు వరదొచ్చినా, అర్ధరాత్రయినా ఆకలితో వచ్చినవాళ్లకు వండి పెట్టింది. ఇప్పుడు బడిలో పిల్లలు తినే మధ్యాహ్న భోజనానికి ఆంధ్రప్రదేశ్‌లో ఆమె పేరే పెట్టారు. నాకు ఒక విషయం మాత్రం బాధగా ఉంటుంది. ఆమె గురించి చెప్పేటప్పుడు అందరూ ఇంగ్లండు రాజు ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ఆమె ఫొటో తెప్పించుకున్నాడన్న కథతోనే మొదలుపెడతారు. ఫొటో తీయించుకోవడానికి ఆమె ఇష్టపడలేదని కూడా చెప్పుకుంటారు. లక్షల విస్తళ్లు వేసిన మనిషి గొప్పదని నమ్మడానికి మనకు రాజు ముద్ర ఎందుకు కావాల్సివచ్చింది? వంటింట్లో జరిగే పనిని మనం పనిగా లెక్కపెట్టం కాబట్టి. మీ అమ్మాయి రేపు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేయబోతోంది. ఆమె తనకు ముందు నడిచిన ఒక మనిషిని వెతుక్కుంది. ఆ రోజు ఇంట్లో మొత్తం మాటల్లో తూకంగా ఉన్నది ఆమె మాటే. ఆమెను ఆదివారం మీ వెంట తీసుకెళ్లే సంగతి ఆలోచించండి.

చందా విషయానికి వస్తాను. మీ ముందున్న దారుల్లో ప్రతిదానికీ ఖరీదు ఉంది, అది ముందే చూసుకోండి.

50 వేలు ఇచ్చి ఊరుకోవచ్చు. అబ్బాయి దగ్గర ఈ నెలంతా మీరు మంచివారవుతారు. నాన్నగారు అరుగు మీదే ఉండిపోతారు, పేటవాళ్లు మీ కొట్టు ముందు నుంచి నడిచి మరో కొట్టుకు వెళతారు. అరువు పద్దుల పుస్తకంలో ఆ తేడా మూడు నెలల్లో కనిపిస్తుంది. అంతకంటే ముఖ్యం, అడక్కుండా మీ పేరు రాయడం తప్పు కాదని అబ్బాయికి మీరే చెప్పినట్టవుతుంది.

ఇవ్వనని ఊరి ముందు చెప్పేయవచ్చు. న్యాయం మీవైపే ఉంటుంది. కానీ సంఘంలో కార్యదర్శి తండ్రే ఇవ్వలేదన్న మాట అతన్ని కాల్చేస్తుంది. ఆ వయసులో అలాంటి అవమానం మనిషిని ఇంటి నుంచి తెంచి, మరింత గట్టిగా సంఘానికి కట్టేస్తుంది. ఇవ్వకూడదనుకుంటే ఆ మాట ముందు అతనికి ఒంటరిగా చెప్పండి. రసీదు చింపకండి, అతని చేతికే తిరిగి ఇచ్చి, నా పేరు నన్ను అడిగి రాయమని చెప్పండి.

మూడోది చట్టం. రోడ్ల మీద, కాలిబాటల మీద, ప్రజలు వాడుకునే ఇతర స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. ఇది సినిమా హీరోకు ఎంతో కాటన్‌కు, అంబేడ్కర్‌కు, సీతమ్మకు అంతే. అంటే మీ ఊళ్లో ఇంతమంది కొట్లాడుకుంటున్న ఆ దిమ్మె మీద ఎవరినీ నిలపడానికి వీల్లేదు. ఈ మాటను ఆదివారం అందరి ముందూ, పంచాయతీ కార్యదర్శిని ఉద్దేశించి మీరు అడగవచ్చు: అనుమతి ఎవరు ఇస్తారు, కాగితం ఏది? చాటుగా ఆకాశరామన్న ఉత్తరం మాత్రం రాయకండి. ఊళ్లో అలాంటిది దాగదు, మీరు ఏ వైపువారో తెలియక రెండు వైపులా నమ్మకం పోతుంది. అనుమతి లేకుండా రాత్రికి రాత్రి పెట్టి, తెల్లారి పోలీసులు తీసేస్తే ఏమవుతుందో కూడా అబ్బాయికి చెప్పండి. కార్యదర్శి సంతకం అతనిది. అమలాపురం గొడవ తర్వాత ఎంతమంది కుర్రవాళ్లు కేసుల చుట్టూ తిరిగారో అతనికి మీకంటే బాగా తెలిసే ఉంటుంది, వాళ్లలో కొందరు అతని తోటివాళ్లే అయి ఉండవచ్చు. ఉద్యోగం కోసం చూస్తున్నవాడికి ఇది చిన్న విషయం కాదు. అయితే చట్టం నోరు మూయిస్తుందే గానీ మనసు మార్చదు. దిమ్మె ఖాళీగా ఉన్నా తాతా మనవళ్లు మాట్లాడుకోరు.

నాలుగో దారి కష్టమైనది, నాకు దాని మీదే కొంచెం ఆశ ఉంది. దిమ్మె మీద వీధిదీపం పెట్టించమని, విగ్రహాల మాట వాయిదా వేయమని మీరే ప్రతిపాదించవచ్చు. పేటవాళ్లు తమ స్థలంలో, అనుమతితో అంబేడ్కర్ విగ్రహం పెట్టుకుంటామంటే అందరికంటే ముందు చందా మీరు రాయవచ్చు. మిగిలిన డబ్బుతో కుర్రవాళ్లందరూ, పేటవాళ్లతో సహా, చేయగల పని ఒకటి వాళ్లనే చెప్పమనండి. లెక్కలు రాసే పని మీ అబ్బాయి దగ్గరే ఉండనివ్వండి, అతనికి అది బాగా వచ్చు. దీనివల్ల మీకు వచ్చే నష్టం కూడా చెబుతాను. మీ కులంవాళ్లలో కొందరు మిమ్మల్ని కట్టుతప్పినవాడంటారు. కొట్టుకు రావడం మానేసేవాళ్లూ ఉంటారు. తట్టుకోలేననుకుంటే ఈ దారిలో సగం వరకే వెళ్లండి, దీపం ప్రతిపాదన వరకు. అది కూడా తక్కువేమీ కాదు.

ఇంకొక్క మాట అడుగుతాను, నొచ్చుకోకండి. నాన్నగారికి కాటన్, అబ్బాయికి హీరో, అమ్మాయికి సీతమ్మ గారు, పేటవాళ్లకు అంబేడ్కర్. ఐదు పేజీల్లో మీకు ఎవరంటే గౌరవమో ఎక్కడా లేదు. ఆదివారం ఎవరో ఒకరు మిమ్మల్ని అడుగుతారు. నాకు ఇష్టమైనవాడు మూడు రాత్రులు ఏటిగట్టు మీద ఉన్నాడని మీరు చెప్పగలిగితే, ఆ మాట మీ అబ్బాయి వినేచోట చెప్పండి.

అది ఆదివారం దాకా దాచుకోవద్దు. ఈ రాత్రి మీ కంచం తీసుకుని అరుగు మీదికి వెళ్లి నాన్నగారి పక్కన కూర్చోండి. ఆయన్ని లోపలికి రమ్మనకండి, క్షమాపణ చెప్పమని అబ్బాయినీ లాక్కురాకండి. వడ్డించడానికి అమ్మాయి వస్తుంది, కాసేపటికి అబ్బాయి కూడా గుమ్మంలోకి వస్తాడనుకుంటున్నాను. రాకపోతే మర్నాడు మళ్లీ అక్కడే తినండి. అతను వచ్చిన రోజున ఆ మూడు రాత్రుల గురించి మీరే అడగండి: ఎక్కడ నిలబడ్డారు, గట్టు ఎక్కడ చెమర్చింది, వెంట ఎవరెవరు ఉన్నారు, బస్తాలు ఎవరు మోశారు. ఆ పేర్లు అబ్బాయిని ఒక కాగితం మీద రాయమనండి. వాటిలో పేటవాళ్ల పేర్లు కూడా ఉంటాయి. నిన్న మీ కొట్టు ముందుకు వచ్చిన కుర్రవాళ్ల తాతలే వాళ్లు కావచ్చు.

నాన్నగారికి మోకాళ్ల నొప్పి అన్నారు. ఆదివారం లోపు ఒక సాయంత్రం ఆయన్ని బండి మీద ఎక్కించుకుని లాకుల దాకా తీసుకెళ్లమని అబ్బాయికి చెప్పండి. టార్చిలైటు వెంట పెట్టుకోమనండి, తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది.